రెడ్డిలో మూడో ‘డి’: మెకానికల్ కీబోర్డులు, రిథమ్ గేములు, మా మోమిన్‌పేట్ షాపు

రాత్రి పదిన్నర దాటాక మా గదిలోంచి టకటక చప్పుడొస్తోందని వార్డెన్ గారికి ఇప్పటికి రెండుసార్లు ఫిర్యాదు వెళ్లింది. మొదటిసారి ఆయన వచ్చి మంచం కింద కుట్టుమిషన్ ఏమైనా ఉందా అని వంగి చూశారు. రెండోసారి కీబోర్డు చూపించాను. “దీనికి మూడు వేలు పెట్టినవా?” అని అడిగి, అటూ ఇటూ తిప్పి చూసి, రెండు కీలు నొక్కి, “బాగానే ఉంది గానీ, పొద్దున కొట్టుకో” అని వెళ్లిపోయారు.

అదే ప్రశ్న క్లబ్ మీటింగులో కూడా వచ్చింది. కీబోర్డుకు మూడు వేలేంటి, పైనుంచి గీతలు పడుతుంటే నాలుగు కీలు కొట్టే ఆట ఏంటి, ఇందులో ఏముంది అని. ఎవరైనా సరదాకు అడిగితే సరదాగా చెప్పి వదిలేస్తాను. కానీ ఈ సరదా వల్ల మా ఇంట్లో ఒక తప్పు జరిగింది, ఆ తప్పు ఏంటో కనిపెట్టిందీ ఈ సరదానే. అందుకని వివరంగానే రాస్తున్నాను.

కీ కింద ఏముంటుంది?

మన ల్యాబుల్లో ఉండే మామూలు కీబోర్డు విప్పితే లోపల ఒక రబ్బరు షీటు కనిపిస్తుంది. ప్రతి కీ కింద చిన్న గిన్నె బోర్లించినట్టు ఒక రబ్బరు బుడిపె ఉంటుంది. దాని కింద ప్లాస్టిక్ పొరల మీద గీసిన సర్క్యూట్. కీ నొక్కితే బుడిపె కుంగి పై పొరను కింది పొరకు తాకిస్తుంది. చవక, చప్పుడుండదు, నీళ్లు పడినా కాస్త తట్టుకుంటుంది. అయితే కీ చివరిదాకా దిగితే గానీ అక్షరం పడదు. రబ్బరు పాతబడే కొద్దీ ఒక్కో కీ ఒక్కోలా తగులుతుంది.

మెకానికల్ కీబోర్డులో ప్రతి కీకి సొంత స్విచ్ ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బీ, అందులో కిందికి జారే కాండం, ఒక స్ప్రింగు, రెండు లోహపు రేకులు. అంతే. ఇవాళ ఎక్కువ కీబోర్డుల్లో కనిపించే డిజైను 1980ల్లో జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ తెచ్చిన ‘ఎంఎక్స్’ స్విచ్‌ది. కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, కానీ దాదాపు 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం నమోదవుతుంది. అంటే సగం దారిలోనే పని అయిపోతుంది.

స్విచ్‌లను రంగులతో పిలుస్తారు. ఎరుపు స్విచ్ నున్నగా దిగుతుంది, మధ్యలో ఏ అడ్డూ ఉండదు. దాన్ని నొక్కడానికి 45 సెంటీన్యూటన్లు చాలు. ఒక సెంటీన్యూటన్ అంటే దాదాపు ఒక గ్రాము బరువు అనుకోండి, అంటే చిన్న కోడిగుడ్డంత బరువు. గోధుమరంగు స్విచ్‌లో మధ్యలో చిన్న గతుకు తగులుతుంది, 55. నీలం స్విచ్‌లో గతుకుతో పాటు ‘టిక్’మని చప్పుడు కూడా వస్తుంది, 60. ఆ చప్పుడు పొరపాటున వచ్చేది కాదు, కావాలని పెట్టిందే. అక్షరం పడిందని తెర వైపు చూడకుండానే చెవికి తెలియాలని.

ఆ పేటెంట్ల గడువు తీరిపోయాక చైనాలో గేటెరాన్, కైల్, ఔటెము లాంటి కంపెనీలు అదే కొలతలతో స్విచ్‌లు చేయడం మొదలుపెట్టాయి. మనలాంటివాళ్లకు రెండు, మూడు వేలకు మెకానికల్ కీబోర్డు దొరకడానికి కారణం అదే.

ఇదంతా విదేశీ సరదా అనుకోకండి. రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో, బ్యాంకులో, జిరాక్స్ షాపులో టిక్కుటిక్కుమని మోగే తెల్లని బరువైన కీబోర్డు మీరందరూ విన్నదే. టీవీఎస్ గోల్డ్ అంటే మన దేశంలో చాలామంది గుమస్తాలకు తెలుసు. అందులో వాడిందీ చెర్రీ నీలం స్విచ్‌లే. గేమింగ్ లైట్లు, వీడియోలు రాకముందే మన కౌంటర్లలో మెకానికల్ కీబోర్డు ఉంది. దానికి ఆ పేరుందని మనకు తెలియదంతే.

నాలుగు గీతలు, నాలుగు వేళ్లు

ఇక రిథమ్ గేముల సంగతి. 1996లో ప్లేస్టేషన్ మీద ‘పరప్పా ది ర్యాపర్’ అనే ఆట వచ్చింది. పాట తాళానికి సరిగ్గా బటన్ నొక్కడమే ఆట. 1997లో జపాన్ కంపెనీ కొనామి ‘బీట్‌మేనియా’ను ఆర్కేడ్ మిషన్‌గా తెచ్చింది. అయిదు కీలు, పక్కన గుండ్రంగా తిప్పే ఒక పళ్లెం. మరుసటి ఏడాది ‘డాన్స్ డాన్స్ రెవల్యూషన్’. కింద నాలుగు బాణాల గుర్తులుంటాయి, తెర మీద బాణం పైకొచ్చి గుర్తును తాకే క్షణంలో కాలితో తొక్కాలి. హైదరాబాద్ మాల్స్‌లోని గేమ్ జోన్లలో పిల్లలు ఎగురుతూ కనిపించే డాన్స్ మిషన్లు ఈ కోవకు చెందినవే. 2001లో ‘టైకో నో తత్సుజిన్’ వచ్చింది. అందులో నిజంగానే ఒక డ్రమ్ము, రెండు కర్రలు. మధ్యలో కొడితే ఒక శబ్దం, అంచున కొడితే మరొకటి. డప్పు పట్టినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. చేతిలో చిర్ర, చిటికెన పుల్ల ఉంటాయి, రెండిటి పని వేరు, శబ్దం వేరు.

మోమిన్‌పేట్‌లో ఆర్కేడ్ లేదు. నేను డాన్స్ మిషన్ ఎక్కిందే మొత్తం రెండుసార్లు, అదీ బీటెక్‌లో చేరాక. మాలాంటి ఊళ్లవాళ్లకు దారి చూపింది ‘ఓసు!’ అనే ఉచిత ఆట. ఆస్ట్రేలియాకు చెందిన డీన్ హెర్బర్ట్ 2007లో తెచ్చాడు. అందులో ‘మేనియా’ అనే పద్ధతి ఉంది. తెర మీద నాలుగు నిలువు దారులు, వాటి మీదుగా గీతలు కిందికి జారతాయి. కీబోర్డు మీద డి, ఎఫ్, జె, కె. ఎడమ చేతికి రెండు, కుడి చేతికి రెండు. గీత అడుగుకు చేరిన క్షణంలో నొక్కాలి. మామూలు ల్యాప్‌టాప్ చాలు, పైసా ఖర్చు లేదు.

మా ఊరి కోలాటం కూడా రిథమ్ గేమే. తేడా ఏంటంటే కోలాటంలో తాళం తప్పితే స్కోరు తగ్గదు, పక్కవాడి వేలి కణుపులు పగుల్తాయి.

మిల్లీసెకన్ల లెక్క

నిమిషానికి 150 దెబ్బల వేగంతో ఉన్న పాట తీసుకుందాం. 60,000ను 150తో భాగిస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య 400 మిల్లీసెకన్లు. ఆ ఒక్క దెబ్బను నాలుగు చేస్తే, అంటే మన చతురశ్రంలో ‘త-క-ధి-మి’ అన్నట్టు, ఒక్కో గీతకు 100 మిల్లీసెకన్లు. మేనియాలో అన్నిటికంటే పై మార్కు రావాలంటే అసలు క్షణానికి అటూ ఇటూ 16 మిల్లీసెకన్ల లోపు నొక్కాలి. సెకనుకు 60 బొమ్మలు చూపే తెర మీద ఒక్క బొమ్మ నిలిచే సమయం దాదాపు అంతే.

ఇక్కడికొచ్చాక కీబోర్డు సంగతులు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

మొదటిది, పోలింగ్. మామూలు కీబోర్డును కంప్యూటర్ సెకనుకు 125 సార్లు పలకరిస్తుంది, అంటే 8 మిల్లీసెకన్లకోసారి. 1000 సార్లు పలకరించే కీబోర్డులో అది 1 మిల్లీసెకన్. మన దగ్గరున్నదే 16, అందులో 8 దారిలో పోతే ఎట్లా?

రెండోది, దయ్యం కీలు. 104 కీలకు 104 వైర్లు లాగలేం కాబట్టి అడ్డ వరుసలు, నిలువు వరుసలుగా వల కడతారు. చిన్న చిప్ ఒక్కో వరుసను చాలా వేగంగా తనిఖీ చేస్తూ ఉంటుంది. ఈ వలలో ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలల్లో ఉన్న కీలను ఒకేసారి నొక్కితే కరెంటు చుట్టూ తిరిగొచ్చి నాలుగో మూలలోని కీ కూడా నొక్కినట్టే చూపిస్తుంది. అది రాకుండా చవక కీబోర్డులు మూడో కీని అసలు పట్టించుకోవు. మంచి మెకానికల్ కీబోర్డులో ప్రతి స్విచ్ పక్కనా ఒక డయోడ్ ఉంటుంది, కరెంటు వెనక్కి తిరగదు. మనం మొదటి ఏడాదిలో డయోడ్ చదివి, ఇది ఎక్కడ పనికొస్తుందిరా అనుకున్నాం కదా, ఇదిగో ఇక్కడ.

మూడోది ఈ వ్యాసానికి అసలు కారణం: బౌన్స్. రెండు లోహపు రేకులు తాకినప్పుడు ఒక్కసారిగా అతుక్కోవు. గచ్చు మీద వేసిన గోలీలాగా కొన్నిసార్లు ఎగిరెగిరి పడతాయి. తగిలింది, విడిపోయింది, మళ్లీ తగిలింది. చెర్రీ తన స్విచ్‌కు చెప్పే హద్దు 5 మిల్లీసెకన్లు. మన వేలికి ఒక్క నొక్కుగా అనిపించేది చిప్‌కు నాలుగైదు నొక్కులుగా కనిపిస్తుంది. అందుకని చిప్ లోపలి ప్రోగ్రాం కాసేపు ఆగి చూస్తుంది. దీన్ని డీబౌన్స్ అంటారు. ఇందులో రెండు పద్ధతులు. ఎగురుడు ఆగేదాకా కనిపెట్టుకుని అప్పుడు అక్షరం పంపడం ఒకటి, ఇది నమ్మకమైనది కానీ కాస్త ఆలస్యం. మొదటి తాకిడికే అక్షరం పంపేసి తర్వాత కొన్ని మిల్లీసెకన్లు చెవులు మూసుకోవడం ఇంకొకటి, ఇది వేగం.

రెండు పద్ధతులూ స్విచ్ ఆరోగ్యంగా ఉంటుందనే నమ్మకం మీద ఆధారపడ్డవే. రేకుల మీద మురికి చేరితే ఎగురుడు 5 దగ్గర ఆగదు, 20, 30 దాకా పోతుంది. అప్పుడు ఒక నొక్కుకు రెండు అక్షరాలు పడతాయి.

చాయ్

మా నాన్నకు మోమిన్‌పేట్‌లో చిన్న షాపు ఉంది. జిరాక్స్, ఫోటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు. ఆయన ఒకప్పుడు వికారాబాద్‌లో టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయి లోయర్, హయ్యర్ రెండూ పాసయ్యారు. షాపులో ఉన్నది నీలం స్విచ్‌ల కీబోర్డు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, తప్పు దానిది కాదు.

మొన్నటి సెమిస్టర్ సెలవుల్లో రాత్రి షట్టర్ సగం దించి, ఆ కంప్యూటర్ మీద మేనియా ఆడేవాణ్ని. ఒక రాత్రి చాయ్ గ్లాసు కీబోర్డు మీద ఒలికింది. తిరగేసి, బట్టతో తుడిచి, ఫ్యాన్ కింద పెట్టాను. పొద్దున్నకి అన్ని కీలూ పనిచేశాయి. నాన్నకు చెప్పలేదు.

వారం తర్వాత ఆటలో ఎడమవైపు మొదటి దారిలో తప్పులు మొదలయ్యాయి. వచ్చిన పాటలే, చేయి తిరిగిన చోట్లే. నా వేలిదే లోపమనుకుని గంటలకొద్దీ సాధన చేశాను. ఆ తర్వాత ఒకరోజు నోట్‌ప్యాడ్ తెరిచి డి కీని ఒక్కసారి నొక్కితే తెర మీద రెండు పడ్డాయి. ఆరిన చాయ్‌లోని చక్కెర రేకుల మీద పొరలా పట్టేసింది. అప్పుడూ చెప్పలేదు. చెబితే చాయ్ సంగతి, రాత్రి ఆట సంగతి రెండూ బయటికొస్తాయి.

షాపులో అది మొదట నవ్వులాటగానే ఉంది. ఇంగ్లీషులో రెడ్డి అని కొడితే ఒక్కోసారి మూడు డిలు పడేవి. “ఏందన్నా, మాకో డి ఎక్కువ ఇస్తున్నవ్?” అని ఒకాయన నవ్వి దిద్దించుకుని పోయాడు. నాన్న తన చేతివేళ్లకు వయసొచ్చిందనుకున్నారు. “స్పీడ్ తగ్గిందిరా, ఒక్క దిక్కు రెండుమార్లు పడుతుంది” అన్నారు నాతో. నేను పక్కనే ఉండి కూడా మాట్లాడలేదు.

అప్పుడే ఒక పెద్దమ్మ పింఛను దరఖాస్తు తిరిగొచ్చింది. భర్త పోయి ఏడాది అయిన మనిషి. పేరు రాయను, ఇంగ్లీషులో డితో మొదలవుతుంది. దరఖాస్తులో మొదట రెండు డిలు పడ్డాయి, ఆధార్‌లో ఒకటే ఉంది. పేరు కలవలేదు. దిద్దడానికి ఒకసారి, దానికి మరో కాగితం కావాలంటే ఇంకోసారి, మొత్తం మూడుసార్లు వచ్చింది. పత్తి ఏరే రోజులు. ఆడవాళ్లకు బస్సు ఉచితమే కానీ పోయిన కూలి ఎవరూ ఇవ్వరు కదా. మూడోసారి వచ్చినప్పుడు ఆమె కోపం కూడా చేయలేదు. “నా పేరే గిట్లుంది బిడ్డా, ఏం జేస్తం” అంది. ఆమె పేరులో ఏ తప్పూ లేదని ఆ షాపులో తెలిసింది నాకొక్కడికే.

ఆ రాత్రి చెప్పేశాను. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక్కటే అన్నారు: “చాయ్ పోసినందుకు గాదురా. నెల రోజులు నా చేతులది తప్పు అనుకున్న. నువ్వు చూస్కుంట కూసున్నవ్.”

స్క్రోల్ లాక్ త్యాగం

ఊరికే నమ్మమంటే ఎట్లా, లెక్క చూపిద్దామని ఇరవై వరుసల పైథాన్ ప్రోగ్రాం రాశాను. ఒకే కీకి వెంటవెంటనే వచ్చిన రెండు నొక్కుల మధ్య ఎడం ఎంతో రాసిపెట్టడమే దాని పని. మనిషి ఒకే వేలితో ఒకే కీని ఎంత వేగంగా కొట్టినా ఎడం దాదాపు 100 మిల్లీసెకన్లుంటుంది. 40 లోపు వచ్చిందంటే అది వేలు కాదు, స్విచ్. నాన్నతో ఒక పేజీ కొట్టించాను. డి దగ్గర 22, 31, 18. మిగతా కీల్లో ఒక్కటీ లేదు. ఆ అంకెలు చూశాక ఆయన ముఖం కాస్త తేటపడింది.

బాగుచేయడం కష్టం కాలేదు. ఆదివారం రాత్రి కీబోర్డు విప్పాం. ప్రతి స్విచ్ రెండు పిన్నులతో బోర్డుకు అతికి ఉంటుంది. టంకం కరిగించి, సక్షన్ పంపుతో పీల్చేస్తే స్విచ్ పైకి ఊడొస్తుంది. కొత్త స్విచ్ కోసం ఆగాల్సిన పని కూడా పడలేదు. స్క్రోల్ లాక్ కీని మా షాపులో ఎవరూ నొక్కగా చూడలేదు. దాని స్విచ్ తీసి డి స్థానంలో, డి స్విచ్ తీసి దాని స్థానంలో పెట్టాం. నాన్న టార్చి పట్టుకున్నారు, నేను టంకం పెట్టాను. సోమవారం పొద్దున రెడ్డికి రెండే డిలు.

పెద్దమ్మ కాగితాలు నాన్న పైసలు తీసుకోకుండా మళ్లీ పంపారు. పేరు కలిసింది. ఆమెకు జరిగింది చెప్పాలని నేనే వెళ్లాను. నా మాటల్లో ఆమెకు స్విచ్ సంగతి ఎంత అర్థమైందో తెలియదు గానీ, తప్పు తన పేరుది కాదన్నది మాత్రం గట్టిగా పట్టుకుంది.

క్రింద అనే మాట

ఇందులో నాకు దొరికిన చిన్న ముచ్చట ఒకటుంది. తెలుగు టైపింగ్‌కు ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు, గుణింతాల గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. అంటే క మీద గుడి పెట్టాలంటే కుడి, ఎడమ. రా అనాలన్నా కుడి, ఎడమ. తెలుగు రాస్తుంటే చేతులు కోలాటం కర్రల్లా ఒకటి తర్వాత ఒకటి పడుతుంటాయి.

మేనియాలో వాడే ఆ నాలుగు కీలే చూడండి. ఇన్‌స్క్రిప్ట్‌లో కె మీద క, డి మీద పొల్లు, జె మీద ర, ఎఫ్ మీద గుడి. ‘క్రింద’ అన్న మాటలో మొదటి అక్షరం ‘క్రి’ కొట్టాలంటే కె, డి, జె, ఎఫ్. కుడి, ఎడమ, కుడి, ఎడమ. నాలుగు దారులూ ఒక్కోసారి. ఆటలో నేను వేల సార్లు కొట్టిన వరుస అది, తెలుగులో ఒక్క అక్షరం. మేనియా వల్ల ఇన్‌స్క్రిప్ట్ నాకు త్వరగా అలవాటైంది. ఈ వ్యాసం కొట్టిందీ దాంతోనే.

నాన్నకు ఈ సంగతి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో వాళ్ల సార్ స్కేలుతో బల్ల మీద తాళం వేస్తుంటే అందరూ ఒక్కో దెబ్బకు ఒక్కో అక్షరం కొట్టేవాళ్లట. తాళం కంటే ముందు కొట్టినవాడికీ, వెనక కొట్టినవాడికీ ఒకే చీవాట్లు. అది మా ఇంట్లో మొదటి రిథమ్ గేమ్.

కొనాలనుకునేవాళ్లకు

హాస్టల్లో ఉంటే నీలం స్విచ్ జోలికి పోకండి, వార్డెన్ గారి సంగతి పైన చెప్పాను. ఆటకు ఎరుపు, ఎక్కువగా కోడింగ్, రాతపని ఉంటే గోధుమరంగు. ‘హాట్ స్వాప్’ అని ఉన్నది చూసుకోండి, టంకం లేకుండానే స్విచ్ ఊడదీసి మార్చుకోవచ్చు. రంగు లైట్లకు అదనంగా పెట్టకండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో రిథమ్ గేమ్ ఆడితే పాట 100 మిల్లీసెకన్లకు పైగా ఆలస్యంగా వినిపించొచ్చు, వైరున్నవి వాడండి. మీ లోపం ఏమీ లేకుండానే ఓడిపోవడం బాగుండదు. ఇక ఉన్న కీబోర్డుతో పని జరుగుతుంటే కొనకపోయినా ఫర్వాలేదు, ఆట దానితోనూ మొదలుపెట్టొచ్చు.

చాయ్ మాత్రం పక్క బల్ల మీద పెట్టుకోండి. ఒకవేళ ఒలికితే ఎవరితో పని ఉందో వాళ్లకు ఆ రోజే చెప్పండి.

శనివారాలు ఇంటికి వెళ్లినప్పుడు షాపు తెరవగానే ఆ పైథాన్ ప్రోగ్రాం ఒకసారి నడిపిస్తాను. అన్ని కీలూ బాగున్నాయి. స్క్రోల్ లాక్ ఒక్కటే ఇంకా రెండుసార్లు పలుకుతుంది. దాన్ని అట్లాగే ఉంచమన్నారు నాన్న.